ఐస్‌పెట్టెలో సూదిమందు

"అంత ఒళ్ళు పెట్టుకుని నీకెందుకయ్యా ఫ్లూ సూది?"

ఒడిశా సరిహద్దు ఊరు గిరిసోలలో, మెయిన్‌రోడ్డు మీద డాక్టర్ రామమూర్తి క్లినిక్‌లో బెంచీల మీద కూర్చున్నవాళ్ళంతా ఒక్కసారి తలలు తిప్పారు. అడిగింది పుణ్యవతి. పక్క వీధి ఇంగ్లీష్ మీడియం బళ్ళో ఒకటో తరగతి టీచరు కాబట్టి, ఆమె మెల్లగా మాట్లాడినా నాలుగు గోడలకీ వినిపిస్తుంది. ఇప్పుడు మెల్లగా కూడా మాట్లాడలేదు.

అడిగించుకున్నవాడు చొక్కా చెయ్యి భుజం దాకా మడిచి, దూదిముక్క నొక్కుకుంటూ డాక్టరు గదిలోంచి వస్తున్నాడు. గుమ్మంలో తల వంచితే గాని బయటపడలేనంత పొడుగు.

"నన్నేనా?" అన్నాడు.

"నిన్నే. కాంపౌండర్ ఒడియాలో 'సరిగలా, సరిగలా', అయిపోనాదని సేతులు తిప్పుతున్నాడు, ఇనపడ్డం లేదా? ఉన్న ఆఖరి ఇంజక్షన్ నీకేసీసినారట. మా అమ్మమ్మకి లేదట!"

"టోకెన్ నాది ముందమ్మా మరి."

"టోకెన్ ముందైతే? డెబ్బై దాటిన మనిషి ఎదురుగా కూకుంటే కళ్ళు కనపడవా?"

అతను తెల్లబోయి బెంచీ మీదున్న కూర్మమ్మ వైపు చూశాడు. కూర్మమ్మ మాత్రం అతని ముంజేతుల వైపు చూస్తోంది.

"బాబూ, సేతికి పొలుసులున్నాయి. మనోడివేటి?"

"ఔను మామ్మా. పైడన్న నా పేరు. సోనపూర్ రేవులో సేపలు కొని బరంపురం మార్కెట్‌కి వ్యాను తోల్తాను."

"ఇయ్యాల ఏటి పడ్డాది?"

"సందువాలు. కవళ్ళు కూడా బాగా పడ్డాయి."

"అమ్మమ్మా!" అంది పుణ్యవతి. ఇక్కడ తన ప్రాణం పోతుంటే ఈవిడకి సందువాలు కావాలి!

"మా అయ్య అసిరయ్యకి ఉబ్బసం అండి," అని పైడన్న పుణ్యవతికి సంజాయిషీ చెప్పుకున్నాడు. "ఆయనకి పోయిన వారం ఏసినారు. సాకేవోడు కూడా ఏయించుకోవాలని డాక్టరుగారే అన్నారు. నానే ఇంటికి జొరం మోసుకెల్తే మా అయ్య తట్టుకోనేడని."

ఆ మాట సబబైనదే. సబబైనది కాబట్టే పుణ్యవతికి ఇంకా ఒళ్ళు మండింది. తిట్టడానికి మనిషి దొరికీ దొరకనట్టు అయిపోయింది.

అసలు సంగతి కోపం కాదు, భయం. కరోనా అంతా సద్దుమణిగిందనుకున్నాక, కిందటి వానాకాలంలో కూర్మమ్మకి మామూలు ఫ్లూ తగిలింది. అది ఊపిరితిత్తుల్లోకి దిగింది. బరంపురంలో ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని, ఆక్సిజన్ మాస్కు లోపల ఆవిరి పట్టిందా లేదా అని చూస్తూ పుణ్యవతి గడిపిన రోజులు ఆమెకే తెలుసు. తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రి గుజరాత్‌లో వెరావల్ బోట్ల మీద పనికి వెళ్ళి అక్కడే ఇంకో కాపురం పెట్టుకున్నాడు. ఉన్నది ఈ అమ్మమ్మ ఒక్కతే. "ఇంకోసారి వస్తే ఆ ఊపిరితిత్తులు తట్టుకోవమ్మా, ఏటేటా వానలు ముదరకముందే టీకా వేయించు," అని రామమూర్తి మరీ మరీ చెప్పాడు. అప్పటినుంచీ కూర్మమ్మ ఒక్క తుమ్ము తుమ్మినా పుణ్యవతి డాక్టరు దగ్గరికి పరిగెత్తుతుంది.

"స్టాకు వారంలో వస్తుంది, కంగారు పడకు," అన్నాడు డాక్టరు ఆ రోజు.

కంగారు పడకు అంటే తగ్గే కంగారైతే ఇంకేం!

వారం గడిచింది. స్టాకు రాలేదు గాని, రోజూ పొద్దున్నే బడి గేటు దగ్గరికి చేపల వ్యాను మాత్రం వచ్చేది.

"వచ్చిందా?" అని కిటికీలోంచి అడిగేవాడు పైడన్న.

"లేదు. అయినా నీకెందుకు?"

"ఎందుకంతావేటి? మీ మామ్మ వాటా నా జబ్బలో ఉంది కదా."

"అయితే తీసి ఇచ్చీ."

"ఇచ్చీడానికి వీలుంటే అప్పుడే ఇచ్చీనా?"

పిల్లలు గేటు పట్టుకుని కిసకిసలాడేవారు. "టీచర్, ఫిష్ అంకుల్!" అని ఒకడు క్లాసులో లేచి మరీ చెప్పేవాడు. పుణ్యవతి మొహం గంటుపెట్టుకునేది. కానీ వ్యాను రావడం ఆలస్యమైన రోజున గేటు వైపు చూపు ఎందుకు పోతోందో ఆమె తనని తాను అడగలేదు. అడిగితే జవాబు చెప్పుకోవాలి కదా.

కూర్మమ్మకీ అతనికీ మాత్రం దోస్తీ కుదిరిపోయింది. నలభై ఏళ్ళు నెత్తిన చేపల తట్ట పెట్టుకుని ఊరూరా తిరిగిన మనిషి ఆవిడ. అతను సాయంత్రం ఖాళీ వ్యానుతో తిరిగొస్తూ వాళ్ళ మెట్టపేటలో ఆగి నాలుగు చేపలు ఇచ్చిపోయేవాడు. ఐసు ఎంత వెయ్యాలి, ఏ చేప ఎన్నాళ్ళు ఆగుతుంది అని ఇద్దరూ అరుగు మీద కూర్చుని వాదించుకునేవారు. పుణ్యవతి లోపల వంట చేస్తూ, అమ్మమ్మ నవ్వు మధ్యలో దగ్గు వినిపిస్తుందేమోనని చెవులు రిక్కించేది.

అంతలో ఊరి పెద్దలు అమ్మవారి సంబరానికి చాటింపు రోజు నిర్ణయించారు. రాబోయే శుక్రవారం, దీపాలవేళ.

మెట్టపేటలో అమ్మవారి ఘటం ఎత్తేది కూర్మమ్మే. డప్పు కొట్టి చాటింపు వేశాక, సంబరం ముగిసి అమ్మవారిని సాగనంపేదాకా ఘటం ఎత్తే మనిషి ఒంటికి ఇనుము తగలకూడదు. కాల్లో ముల్లు దిగినా పిన్నుతో తియ్యరు. ఇక సూది మాట ఎత్తగలరా? సంబరం అంటే చుట్టుపక్కల ఊళ్ళన్నీ దిగుతాయి. చీదేవాళ్ళు, దగ్గేవాళ్ళు, అందరూ వచ్చి కూర్మమ్మ కాళ్ళకి మొక్కుతారు.

"టీకా వేశాక అది పనిచెయ్యడానికే రెండు వారాలు పడుతుంది. చాటింపుకి ముందే పడిపోవాలి," అన్నాడు రామమూర్తి. శుక్రవారం పొద్దున్నే బరంపురంలోని మందుల హోల్‌సేల్ షాపుకి ఫోన్ చేశాడు. ఒకటి ఉంది, తీసిపెడతామన్నారు.

"నాను తెస్తాను," అన్నాడు స్టాకు సంగతి అడగడానికి వచ్చిన పైడన్న. ఎవరూ అడగకముందే.

"చల్లగా తీసుకురా బాబూ. వేడి తగలకూడదు."

"చల్లదనం గురించి నాకు సెప్పాలా డాక్టరుగారూ?" అని నవ్వి వెళ్ళాడు.

మధ్యాహ్నం బడి వదిలిపెట్టి, అమ్మమ్మని తీసుకుని పుణ్యవతి క్లినిక్‌కి వచ్చేసరికి వ్యాను ఆగి ఉంది. కూర్మమ్మ వరండాలో ఎవరో చుట్టం కనపడితే అక్కడే కూలబడింది. పుణ్యవతి ఒక్కతే లోపలికి వెళ్ళింది. పైడన్న పెద్ద చేపల ఐస్‌పెట్టె మోసుకొచ్చి డాక్టరు బల్ల మీద పెట్టి, దంచిన ఐసులోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి, ప్లాస్టిక్ కవరులో చుట్టిన చిన్న సీసా బయటికి తీశాడు.

"సూడండి! ఉప్పు కలిపి ఐసేసినాను. రేపటిదాకా ఉంచినా సెక్కు సెదరదు."

రామమూర్తి సీసాని వెలుతురుకి పెట్టి చూశాడు. చిన్నగా ఊపాడు. లోపల మందు కదలలేదు. గడ్డకట్టి ఉంది.

"ఇది పనికిరాదు," అన్నాడు మెల్లగా.

"కరిగిపోతాది కదండీ, కాసేపుంటే..."

"కరిగినా పనికిరాదయ్యా. ఇది చల్లగా ఉండాలి గాని గడ్డకట్టకూడదు. గడ్డకడితే మందు చచ్చిపోయినట్టే."

పుణ్యవతి పైడన్న వైపు తిరిగింది.

"ఉప్పెయ్యమని ఎవరు సెప్పినారు నీకు?" అంది. "షాపువాళ్ళు డబ్బా ఇవ్వలేదా?"

"ఇచ్చినారు. అరచెయ్యంత తెల్ల డబ్బా. అది ఆగదేమోనని..."

"అందుకని సందువాలాగ ఐసులో కప్పెట్టీసినావా? మా అమ్మమ్మ ప్రాణమయ్యా అది, చేప కాదు! ఎవరు సెప్పినారు నీకీ తెలివి?"

పైడన్న నోరు తెరిచాడు. వరండాలోంచి కూర్మమ్మ గొంతు వినబడింది. "మన గుంటడు పట్టుకొచ్చీసినాడు. సిటికెలో సూది ఏయించుకుని ఎలిపోడమే!" అంటోంది చుట్టంతో. పైడన్న తెరిచిన నోరు మూసుకున్నాడు.

"ఎవరూ సెప్పనేదు. నాకే తోచింది," అన్నాడు తల వంచుకుని.

డాక్టరు మళ్ళీ ఫోన్ తిప్పాడు. ఇద్దరు ముగ్గుర్ని అడిగితే, బరంపురంలోనే ఇంకో షాపులో దొరికింది. గడియారం చూస్తే మూడు దాటింది. బయట మబ్బు కమ్ముకొస్తోంది.

"బేగి ఎల్లొస్తాను," అన్నాడు పైడన్న.

"నిన్ను నమ్మి పంపేది లేదు. నేనూ వస్తాను," అంది పుణ్యవతి.

వ్యాను హైవే ఎక్కగానే వాన అందుకుంది. వైపరు ఒకటే పనిచేస్తోంది, అదీ పుణ్యవతి వైపుది. పైడన్న కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి గుడ్డతో అద్దం తుడుస్తూ తోలుతున్నాడు. క్యాబిన్ అంతా చేపల వాసన. ఆమె గోళ్ళు కొరుక్కుంటూ, ముందు పోతున్న ప్రతి లారీని మనసులో శపిస్తోంది.

"భయపడకు," అన్నాడతను.

"నువ్వు మాటాడకు."

కాసేపటికి అతని ఫోన్ మోగింది. చేతులు ఖాళీ లేవు. "ఎత్తు, మీ మామ్మ నంబరే," అన్నాడు. పుణ్యవతి స్పీకర్ నొక్కిందో లేదో, కూర్మమ్మ గొంతు క్యాబిన్ నిండా పలికింది.

"ఒరే పైడన్నా! మందు పాడైపోనాదని ఇప్పుడే సెప్పినాడు డాక్టరు. పొద్దున్న నువ్వు ఫోన్ సేసినప్పుడు గుప్పెడు ఉప్పెయ్యమన్నానా, నువ్వు సిటికెడేసుంతావు. అందుకే సెడిపోనాది! ఇప్పుడు రెండు గుప్పిళ్ళెయ్యి. ఆ ముష్టి తెల్లడబ్బాలో మాత్రం తేకు. ఇన్నావా?"

పుణ్యవతి ఫోన్ వైపు చూసింది. అతని వైపు చూసింది. అతను రోడ్డు వైపు తప్ప ఇంకెక్కడా చూడడం లేదు.

"ఇన్నాను మామ్మా," అన్నాడు చిన్నగా. ఫోన్ ఆగిపోయింది.

"నాకెందుకు సెప్పలేదు?" అంది పుణ్యవతి.

"ఏటని సెప్పమంతావు? నలభై ఏళ్ళు తట్ట మోసి ఒక్క సేప కుళ్ళనియ్యని మనిషి. ఆ మనిషికి ఐసు సంగతి తెలీనేదని నలుగురి ముందర ఎలాగనేది? తన మందు తనే పాడుసేసుకుందని తెలిస్తే ఇంకేటైనా ఉందా? కుంగిపోద్ది."

"మరి నన్నలాగ తిట్టనిచ్చావు."

"నీ తిట్లు నాకు అలవాటే కదా." అద్దం తుడిచి, "బాగానే ఉంతాయి," అని చేర్చాడు.

పుణ్యవతి మొహం పక్కకి తిప్పుకుంది. ఈ మనిషంటే తనకి ఇష్టమని ఆమెకి అప్పుడు తెలిసిపోయింది. ఎన్నాళ్ళ నుంచో ఇష్టమేనని కూడా తెలిసింది. తెలియడానికి ఇదా సమయం అని తన మీద తనకే చిరాకేసింది.

షాపులో తెల్ల డబ్బా ఇచ్చారు. జెల్‌ప్యాక్‌ని పేపర్లో చుట్టి, మందు దానికి తగలకుండా పెట్టి మూత బిగించారు. తిరుగుదారి పొడుగునా పుణ్యవతి దాన్ని ఒళ్ళో పెట్టుకు కూర్చుంది. పొద్దున్న మరీ చల్లబడి పాడైంది, ఇప్పుడు వేడెక్కి పాడవుతుందేమో? మూత మీద చెయ్యి వేసింది.

"తియ్యకు!" అన్నాడు పైడన్న.

"ఒక్కసారి చూస్తాను."

"ఒకసారి సూసినావంటే మరి పదిసార్లు సూస్తావు. నీ సంగతి నాకు తెలుసు. సేతులు కట్టుకుని కూకో."

కట్టుకుంది. ఒకళ్ళు చెబితే వినడం ఆమెకి కొత్త.

గిరిసోల చేరేసరికి అయిదున్నర దాటింది. వరండా ఖాళీగా ఉంది.

"అమ్మమ్మేదీ?"

కాంపౌండర్ చేతులు తిప్పాడు. ఊరి పెద్దలు మోటారు సైకిలు పంపారట. ఘటం ఎత్తే మనిషి లేకుండా చాటింపు ఎలాగ వేస్తామని తొందరపెట్టి తీసుకుపోయారట.

పుణ్యవతి అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది. ఆమెకి ఏడుపు వచ్చేసింది. ఇంత దూరం తెచ్చి, చివర్లో ఇలాగా?

రామమూర్తి బ్యాగు తీసుకుని గదిలోంచి బయటికి వచ్చాడు. "లేమ్మా. ఏడవడానికి తరవాత టైముంటుంది. నేనే వస్తాను, పదండి."

ముగ్గురూ చేపల వ్యాను ముందు సీట్లో ఇరుక్కున్నారు. డాక్టరు గొడుగుకి వ్యాన్లో చోటు దొరకలేదు. ఇసుక దారి బురదైపోయింది. ఒకచోట చక్రం కూరుకుపోతే పైడన్న దిగి, భుజం ఆనించి తోశాడు. పుణ్యవతి కిటికీలోంచి తల బయటపెట్టి వింటూనే ఉంది. డప్పు ఇంకా మోగలేదు. మోగలేదు. ఇంకా మోగలేదు.

మెట్టపేట నడివీధిలో పందిరి కింద ఊరంతా నిలబడి ఉంది. మోగకపోవడానికి కారణం కూడా అక్కడే కనపడింది. వానకి డప్పు తడిసి మెత్తబడిపోయింది. చాటింపు వేసే గురువులు గడ్డిమంట వేసి, తిట్టుకుంటూ, దాన్ని అటూ ఇటూ తిప్పుతూ సెగ చూపిస్తున్నాడు. గడ్డి కూడా తడిసిందే. పొగ తప్ప మంట లేదు.

పసుపుచీర కట్టుకుని పీట మీద కూర్చున్న కూర్మమ్మ కాళ్ళ దగ్గర పుణ్యవతి దబ్బున కూర్చుంది.

"మందు తెచ్చాం అమ్మమ్మా. సెయ్యియ్యి. డాక్టరుగారు వచ్చారు."

డాక్టరు సీసా ఊపి చూశాడు. ఈసారి మందు కదిలింది. సిరంజిలోకి ఎక్కించాడు. పెద్దలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు గాని, డప్పు మోగలేదు కాబట్టి ఎవరూ కాదనలేదు.

కూర్మమ్మ మాత్రం చెయ్యి పైటలో దాచుకుంది.

"ఆగండి డాక్టరుబాబూ. దీనితోటి నాకో మాటుంది."

"తరవాత మాటాడుకోవచ్చు!" అంది పుణ్యవతి.

"తరవాత నువ్వు దొరకవు. పెల్లి మాటెత్తితే నన్ను సూపెట్టి తప్పించుకుంతావు. నాను ఎక్కడ పోతానో అని నీకు బెంగ. నాను పోతే నీకెవురని నాకు బెంగ. నీ బెంగకి మందు తెచ్చుకున్నావు. మరి నా బెంగో?" డబ్బా మూత పట్టుకుని, మోకాళ్ళ దాకా బురదతో నిలబడ్డ పైడన్నని చూపించింది. "ఈడు నీకు నచ్చినాడా, నేదా? సెప్పు. సెప్తే సెయ్యిస్తాను."

పుణ్యవతి చుట్టూ చూసింది. ఊరు ఊరంతా నోళ్ళు తెరుచుకు చూస్తోంది.

"అమ్మమ్మా, అందరి ముందరా..."

"దప్..." అంది డప్పు. గురువులు వేలితో వాయించి చూస్తున్నాడు. "సెగ తగుల్తంది కూర్మమ్మప్పా! బేగి కానీ!"

"సెప్పవే గుంటా!"

"దబ్!" ఈసారి కాస్త గట్టిగా పలికింది. గురువులు లేచి నిలబడ్డాడు.

"నచ్చినాడు!" అని అరిచింది పుణ్యవతి. క్లాసులో నలభైమంది పిల్లల్ని కూర్చోబెట్టే గొంతు అది. వీధి చివర దాకా వెళ్ళింది. "నచ్చినాడే అమ్మమ్మా, నచ్చినాడు! సెయ్యియ్యి!"

కూర్మమ్మ చెయ్యి చాపింది. రామమూర్తి సూది దింపాడు, తీశాడు. "అబ్బ!" అంది కూర్మమ్మ. పుణ్యవతి దూదిముక్క పెట్టి నొక్కింది. వెంటనే డప్పు వీధి దద్దరిల్లేలా మోగింది. గురువులు చాటింపు అందుకున్నాడు.

"నన్ను ఎవరూ అడగరేటి?" అన్నాడు పైడన్న.

"నిన్నడిగేదేటిరా? రోజూ బడి గేటు కాడ బండి ఆపినోడివి," అంది కూర్మమ్మ. "మీ అయ్యతో మాటాడీసినాను. సంబరం అయిపోయినాక వస్తానన్నాడు. ఉబ్బసం మనిషి కదా, జనంలోకి ఒద్దన్నాను."

పుణ్యవతి తల ఎత్తలేదు. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. అయినా దూది మాత్రం వదల్లేదు. పైడన్న వచ్చి ఆమె పక్కన గొంతుకూర్చున్నాడు.

"ఇంకోసారి సెప్పవా?"

"ఊరంతా ఇన్నాది కదా."

"ఊరికి సెప్పినావు. మరి నాకు సెప్పనేదు."

డప్పు మోగుతూనే ఉంది. పుణ్యవతి అతని వైపు తిరిగి మళ్ళీ చెప్పింది. ఈసారి ఎంత మెల్లగా చెప్పిందంటే, చెయ్యి ఆమె చేతిలోనే ఉన్న కూర్మమ్మకి కూడా వినపడలేదు.